చేంతాడు

మా లియెపాయను గాలికి పుట్టిల్లంటారు.
ఆ బుధవారం గాలి
పుట్టింటికొచ్చిన ఆడపడుచులా
తలుపులన్నీ ధనధనా వేస్తోంది.

వలలల్లే పాత కార్ఖానాలో మా సినిమా క్లబ్బు.
నలభై కుర్చీలు, ఒకదాని రంగు ఒకదానికి కలవదు.
గోడల్లోంచి ఇంకా దిగని తారు వాసన.
టికెట్లు చింపేది నేను,
రీళ్ళు ఎక్కించేది గునార్స్,
ఏ దేశపు మాటనైనా మైకు ముందు కూర్చుని
ఒక్క గొంతుతో మా భాషలోకి దించేది అవుస్మా.
హంతకుడూ ఆమే, హతుడూ ఆమే,
చచ్చిపోయే తాతా ఆమే, ఏడ్చే మనవరాలూ ఆమే.
ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో
ప్రపంచమంతా అవుస్మా గొంతుతోనే మాట్లాడింది,
కాస్త జలుబు చేసినట్టు.

ఆ రోజు రావాల్సింది వేరే సినిమా.
వచ్చినవి మూడు తుప్పు డబ్బాలు.
చీటీ మీద పేరు ఎలుకలపాలు,
మిగిలిన మూలలో ఒక నది పేరు: సెనెగల్.
మాటల కాగితం లేదు.
"వెనక్కి పంపేద్దామా?" అన్నాడు గునార్స్.
అప్పటికే పద్దెనిమిది మంది కోట్లు విప్పేశారు.
ఆ చలిలో విప్పిన కోటు
మళ్ళీ తొడుక్కోమనడం మహాపాపం.
దీపాలు ఆర్పాం.

ఒక బావి.
ఒక ఆడమనిషి, చేతిలో చేంతాడు.
అంతే సినిమా.
పొద్దున్నే వస్తుంది, తాడు తడుముతుంది,
ఏదో గొణుగుతుంది, చేద వదులుతుంది.
నీళ్ళు అందవు.
తలగుడ్డ చింపి తాడుకు ముడేస్తుంది.
మర్నాడు మళ్ళీ అందవు.
మేక పలుపు.
మొగుడి నడికట్టు.
గోనెపట్టా.
నీళ్ళు దిగేకొద్దీ తాడు పెరుగుతోంది,
మూడో వరసలో పళ్ళ డాక్టరు ఆవలించాడు.
నేనూ ఆవలించాను, అబద్ధమెందుకు.
అవుస్మా చేతులు ఒళ్ళో పెట్టుకుని
మొదటిసారి ఊరికే సినిమా చూస్తోంది.

ఆ తర్వాతి ముడి ఒక చిన్న చొక్కా.
పసుపు గీతలది.
బావి గట్టు చుట్టూ పరిగెత్తుతుంటే
ఇంతకుముందు చూశాం దాన్ని.
తొడుక్కున్నవాణ్ణి ఎప్పట్నుంచి చూడటం మానేశామో
ఎవరికీ గుర్తు లేదు.
డాక్టరు నోరు మూశాడు.

మర్నాడు ఆమె ఇంకో ముడి వేసింది,
దేనితోనో నేను చూళ్ళేదు.
మళ్ళీ తడిమింది, మళ్ళీ గొణిగింది.
ప్రార్థన అనుకున్నాం అందరం.
వెనక వరసలో ఒక్కడు మాత్రం,
రేవులో ఆగిన ఓడలో వంటవాడట,
వెచ్చదనం కోసం టికెట్టు కొన్నవాడు,
చేతితొడుగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.

దీపాలు వెలిగాయి.
పేరు దెంబా, ఆ నది ఒడ్డువాడే.
అవుస్మా వచ్చీరాని ఫ్రెంచిలో అడిగింది:
"ఏం మంత్రమది?"

"మంత్రమా? ముడులు లెక్కపెడుతోందమ్మా.
గోఓ, దిది, తతి, నయ్, జేగోమ్."
ఒక్కో మాటకీ ఒక్కో వేలు ముడిచాడు.
"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు."

కాసేపు గాలి తప్ప ఎవరూ మాట్లాడలేదు.

ఎవరూ చెప్పకుండానే గునార్స్
చివరి రీలు వెనక్కి తిప్పాడు.
విప్పిన కోట్లు విప్పినట్టే ఉన్నాయి.
ఈసారి అవుస్మా మైకు దగ్గరికి లాక్కుంది,
ఆ ఆడమనిషి వేళ్ళ వెంట
ఒకటి అంది, రెండు అంది, మూడు, నాలుగు.
పసుపు గీతల మీద వేళ్ళు ఆగినంతసేపూ
మైకులోంచి ఊపిరి వచ్చింది.
ఆ తర్వాత, ఆరు.

సోమవారం డబ్బాలు వెళ్ళిపోయాయి.
ఆ సినిమా పేరేమిటో, తీసినవాళ్ళెవరో
ఎన్ని జాబితాలు తిరగేసినా దొరకలేదు నాకు.

ఆ రాత్రి అవుస్మా కూలి పుచ్చుకోలేదు.
దెంబాకిస్తే అతనూ వద్దన్నాడు,
పొగబెట్టిన చేపల డబ్బా ఒకటి
జేబులో వేసుకుని రేవు వైపు నడిచాడు.
"గట్టిగా నాలుగు ముక్కలన్నా చెప్పని దానికి
డబ్బులేమిటి?" అంది అవుస్మా.
నాలుగు కాదు,
లెక్క ప్రకారం ఇంకొకటుంది.
సరిచేద్దామని నోరు తెరిచాను,
ఆ అంకె నాకు నోటికి రాలేదు.