అర సెకను

కర్నూలు రోడ్డులో బ్యాటరీల షాపు మీద
మూడో అంతస్తు మా ఆఫీసు.
ఇక్కడ నేను గోడలు చేస్తాను.
ఎవరూ కాపురముండని గోడలు,
తుపాకీ వెనకనుంచి మాత్రమే చూసే గోడలు.

ఆట పేరు చెప్పకూడదు, సంతకం పెట్టాను.
వచ్చే ఏడాది వస్తుంది, అంతవరకే.
యుద్ధంలో సగం కూలిన ఏదో నగరం,
అందులో నల్లరాతి బ్యాంకు ఒకటి, దాని మీద వాన.
"రాయి నిజం రాయిలా ఉండాలి" అని
సముద్రం అవతలనుంచి మెయిలు.
నిజం రాయి కోసం నేను పెద్దగా వెతుక్కోలేదు.
చీమకుర్తి బస్సెక్కాను.

క్వారీలో మాల్యాద్రి దొరికాడు.
ముప్పై ఏళ్లు డ్రిల్లు పట్టిన మనిషి.
ఎడమ చెవి రాయికే ఇచ్చేశాడు,
మాట్లాడాలంటే కుడిపక్కకి వెళ్లి నిలబడాలి.
కోసిన బండ చుట్టూ నేను తిరిగి తిరిగి
ఆరొందల ఫొటోలు తీస్తుంటే
బీడీ ఆర్పి అడిగాడు:
"ఏం జేస్తారమ్మాయా దీన్ని?"
ఆటలో గోడకి పెడతాం.
"గోడనేం జేస్తారు?"
కాలుస్తారు.
కాసేపు బండకేసి చూశాడు.
"కాల్చేదానికి ఇంత నునుపెందుకు?"

జవాబు రాలేదు. నీళ్లు చల్లి మళ్లీ తీశాను.
తడిసిన నలుపులో పసుపు చుక్కలు ఒక్కసారిగా లేచాయి,
కరెంటు పోయిన వేసవి రాత్రి
కొత్తపట్నం ఇసకలో వెల్లకిలా పడుకుంటే కనపడేటన్ని.

మొదటి ట్రైలర్లో నా గోడ నాలుగు సెకన్లుంది.
మంగమూరు డొంకలో ఫిరోజ్ గేమ్ షాపు,
అరగంటకి ముప్పై రూపాయలు, ఒక కుర్చీకి చెయ్యి లేదు.
పిల్లలు ఆ నాలుగు సెకన్లని ఆపి, వెనక్కి లాగి, మళ్లీ ఆపి,
"వానచుక్కలో లైటు చూడరా!"
"మన డబ్బాలో ఇట్టా రాదులే, ఇది పెద్ద కంప్యూటర్ది."
"వస్తాది. పందెం?"
పందెం రెండు ప్లేట్ల పునుగులు.
నేను మూల కుర్చీలో కంట్రోలర్ పట్టుకుని
ఆడుతున్నట్టు నటించాను.

యంత్రానికి కడుపు చిన్నది.
సెకనుకి అరవై బొమ్మలు మింగాలి,
నాలుగు తగ్గితే చాలు, పిల్లాడి గురి తప్పుతుంది,
తిట్లు మాకు.
అందుకని జూన్ నుంచి కోతలు.
మా లీడ్ సునంద ప్రతి సోమవారం కత్తెర తెస్తుంది:
వాన సగం చాలు.
నీడలు దగ్గరవే ఉంచు.
గోడకి వెనకవైపు ఎప్పుడూ లేదు, సరే,
ముందువైపు కూడా నాలుగో వంతుకి దించు, అంది.
దించాను.
చుక్కలు ముందు మసకబారాయి,
తర్వాత ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి,
తర్వాత తారు.
ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా
చల్లారిన ఉప్మా తిన్నాను.

ఒకటి మాత్రం మిగిలింది.
క్వారీకి వెళ్లిన రోజు సాయంత్రం మాల్యాద్రి నన్ను
తాడు కట్టిన గీత అవతల నిలబెట్టి
పేలుడు చూపించాడు.
"దుమ్ము ముందు లేస్తాది. చప్పుడు దాని వెనకాల్నే వస్తాది.
రెండూ ఒకేసారి వచ్చినాయంటే
నువ్వు మరీ దగ్గరుండావని అర్థం."

మా ఆటలో రెండూ ఒకేసారి వచ్చేవి.
వీధి చివర నిలబడ్డవాడు కూడా
మరీ దగ్గరే ఉండేవాడు.
సౌండు చూసే దానియేలుని వారం రోజులు బతిమాలాను.
నూట యాభై మీటర్లకి
అర సెకనుకి కాస్త తక్కువ.
దానికి మెమరీ అక్కర్లేదు,
ఖాళీకి ఏం బరువుంటుంది?
సునంద కత్తెర దాన్ని చూసి కూడా పక్కనుంచి పోయింది.

నిన్న ఆఖరి బిల్డు వచ్చింది.
పునుగులు ఎవరు కొనాలో నాకు తెలుసు, చెప్పకూడదు.
వాన పలచగా ఉంది, గోడ తారులా ఉంది.
దానియేలు ట్రిగ్గర్ నొక్కాడు.
బ్యాంకు వంగింది.
దుమ్ము లేచింది.

చప్పుడు వచ్చేలోపు
ఎవరో మాట్లాడబోతున్నట్టు
నేను కుర్చీని కుడిపక్కకి జరుపుకున్నాను.