ఉప్పు పద్దు

కనిగిరి ఊరు పొద్దున కడిగిన గిన్నెలు
మూడోనాటికి మా కీరదోస పాదుల్లోకి వస్తాయి.
గిన్నెలు కాదులే, ఆ నీళ్లు.
పెళ్లిమండపం వెనక పారబోసిన చారు,
బడిపిల్లల చొక్కాల నీలిమందు,
కాన్పుల ఆసుపత్రి మెట్లు తుడిచిన ఫినాయిలు,
అన్నీ గుండ్రటి తొట్లలో సుళ్లు తిరిగి తిరిగి
బురదని అడుక్కి వదిలి, కంపుని గాలికి వదిలి
పైపులో బుద్ధిగా నడిచొస్తాయి.
ఒక్కటే ఏ తొట్టికీ లొంగదు.
ఉప్పు.

మొదట్లో మస్తాన్‌బీ ఆ నీళ్లు ముట్టలేదు.
కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని
డ్రిప్పు గొట్టాన్ని పామును దాటినట్టు దాటేది.
"పాకా, నాపాకా, ముందు అది చెప్పబ్బయ్యా."
నాకేం తెలుసు?
మా పాత బోరు నీళ్లు ఎవరూ ముట్టనివి,
ఏడొందల అడుగుల కింద రాతి కడుపులోవి,
అద్దమంత తేట.
అవే తాగి మా నాయన నలభై దాటకముందే
మెడ తిప్పడం మర్చిపోయాడు.
పేరు పెట్టి పిలిస్తే మనిషి మనిషంతా తిరిగేవాడు
గానుగెద్దు మలుపు తిరిగినట్టు.
మస్తాన్‌బీ మోకాళ్లు కూడా ఆ తేట చలవే.

కాయ దిగింది, మంచి కాయ.
యూరియా బస్తాలు సగం మిగిలాయి,
ఊరి మురికిలోనే ఉండాది పైరుకి కావలసిన బువ్వ.
బోరు మోటారు మీద పిచుక గూడు కట్టింది.
పక్క చేను మాలకొండయ్య
బావిలో గజం నీళ్లు పైకొచ్చాయన్నాడు.
నా వల్లనేనని అతను అనలేదు,
అనాలని నాకుండింది.

రెండో ఏడు మీటరు ముంచితే అంకె ఎగిరింది.
చుక్క పడే చోట చుట్టూతా తెల్లటి వలయం,
చెమట ఆరిన చొక్కా వీపు మాదిరి.
ఆకు అంచులు మాడి లోపలికి ముడుచుకున్నాయి.
మస్తాన్‌బీ చిటికెడు మట్టి నాలిక్కి తగిలించి
"మా పుట్టిల్లు, సముద్రం కాడి ఉప్పుకొటార్లు
నడిచొచ్చాయి ఇక్కడికి" అంది.

స్వాతి వాన ఆ రాత్రే.
పాలీహౌసు కప్పు మీద వెయ్యి పలకలు మోగినట్టు.
కింద నేను పొడిగా నిలబడ్డాను.
మట్టీ పొడిగానే నిలబడింది.
అప్పుడు వెలిగింది నాకు.
బయటి చేలకి ఏడాదికోసారైనా
ఎవరో వచ్చి పద్దు చెరిపిపోతారు.
నా మడిలో రెండేళ్లుగా రాయడమే,
చెరిపే చేతిని నేనే
గుడ్డకట్టి బయట నిలబెట్టాను.

క్లిప్పులు ఊడదీశాం, నేనూ, మస్తాన్‌బీ, ఆమె మనవడు ఖాదరూ.
పట్టా ఒక పక్కకి జారి పడింది.
పాదులు పోతే పోయాయి.
మట్టి నోరు తెరిచి తాగిన చప్పుడు
టార్చిలైటు వెలుతురులో విన్నాను,
చూశానో విన్నానో.

తెల్లారేసరికి అంకె దిగింది.
మస్తాన్‌బీ తడిమట్టిలో చెప్పుల్లేకుండా తిరిగింది,
పాకా నాపాకా అని ఈసారి అడగలేదు.
నా చూపే ఆగక కాలవ వెంబడి పోయింది,
గట్టు తెగినచోట మలుపు తిరిగి
మాలకొండయ్య మిరపతోట అంచు ఒరుసుకుంటూ
బావి వైపు, ఆ తర్వాత వాగు వైపు.

సాయంత్రం నాలుగు కీరకాయలు పట్టుకుని అతని దగ్గరికి పోయాను.
వచ్చేటప్పుడు సీసాలో అతని బావి నీళ్లు తెచ్చుకున్నాను.
ఎందుకని అడిగితే "ఊరికే" అన్నాను.
నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి
పైన అతని పేరు రాశాను.
సీసా బల్ల మీదే ఉంది.
మీటరు నా చేతిలోనే ఉంది.