బూజుకర్ర

ఆ కర్ర నాది.
పందొమ్మిదేళ్ల కిందట ఆరిన్ అడక్కుండా పట్టుకుపోయాడు.
వల ఎత్తు కొలవడానికి
దాని మీద కత్తితో గీత పెట్టాడు.
ఏడడుగుల నాలుగంగుళాలు, మీద ఇంకో గోరంత.
ఆ గోరంత దగ్గరే
మార్లిస్‌కీ అతనికీ ఏటా పేచీ.

ఈ రాత్రి నెబ్రాస్కా అంతా మంచు.
కప్పు తెచ్చిన పిల్లలు గొంతులు పోయి ఇళ్లకు చేరారు.
జిమ్‌లో ఒక్క వరస దీపాలే ఉంచాను.

మార్లిస్ మోకాలికి ఐస్ కట్టుకుని కూచుంది.
గెలిచిన మనిషి మొహంలా లేదు.
"రెండో సెట్లో పద్దెనిమిది దగ్గర
లారెల్‌ని బయటికి పిలవకుండా ఉండాల్సింది."
ఆరిన్ స్కోరు పుస్తకం తిప్పాడు.
"పిలిచావు, ఏడ్చింది.
ఏడ్చి వెళ్లి ఆరు సర్వీసులు కొట్టింది."
"అదేం లెక్క?"
"నా పుస్తకంలో అదే లెక్క."

తొమ్మిదో తరగతికి నేర్పే డార్సీ
బెంచీల కింద పాకుతోంది.
ముప్పై రెండు బంతులూ కుదిరేదాకా ఇంటికి పోదు.
దొరికింది.
బొటనవేలితో నొక్కి చూసి
గాలి తగ్గిందని చివాట్లు పెట్టింది,
బంతినే.

ముగ్గురూ కలిసి వల విప్పారు.
మడతలో ఒక జడరబ్బరు చిక్కుకుని ఉంది.
ఎవరిదో ముగ్గురికీ తెలుసు.
మార్లిస్ దాన్ని మణికట్టుకు వేసుకుంది.

పోతూ పోతూ ఆరిన్
కర్రని నా గది తలుపుకి ఆనించాడు.
థాంక్స్ చెప్పలేదు, ఎప్పుడూ చెప్పడు.
రేపు పైకప్పు దూలాలకి బూజు దులపాలి.
ఆగస్టుదాకా
నాదే.