అక్కా అని పిలిచిన ఊరు

శనివారం నాకు సెలవు.
హైఫాల ఆ దినం రైలు నడువది, బస్సులు శానా తక్కువ.
హదార్ మూలమీద తెల్ల వ్యాను నిలబెట్టి
ఒకాయన ఒర్లుతుండు: అక్కా, అక్కా, అక్కా!

పాలమూరు కెళ్లి వొచ్చి పదకొండు దినాలు.
నన్ను అక్కా అనే నోరు ఆ దేశంల లేదు.
గిరుక్కున తిరిగిన.
"ఏం తమ్ముడూ" అన్న, తెలుగుల, బుద్ధి తక్కువై.
ఆయన తలుపు తీసిండు.
ఎక్కి కూసున్న.

గట్ల పోయిన అక్కా అనే ఊరికి,
సముద్రం పక్కపొంటి అర్ధగంట.
పచ్చ గుమ్మటం మసీదు,
కోటగోడ మీంచి నీళ్లల్లకు దుంకే పోరగాండ్లు,
కాఫీల యాలకుల వాసన, దాని మీద చేపల వాసన.
దిగుడు దిగుడే షాసాబ్‌గుట్ట కింది గల్లీ యాదికొచ్చి
కండ్లు తుడుసుకున్న. ఎండ అని చెప్పుకున్న.

నేను చూసుకునే ముసలామె యూదులామె.
పేరు నయీమా.
మొదలు నమ్మలే.
మా ఇంటెనుక మిషన్ కుట్టే నయీమున్నిసా పేరు
కత్తెరతోని సగం కోసి
గీమెకెవరు తెచ్చిచ్చిండ్రో అనుకుంటి.

"అక్కా గాదు, అక్కో" అన్నది నేను తిరిగొచ్చినంక.
గట్టిగ, హిబ్రూల.
నడిరాత్రి మాత్రం అరబ్బీల కలవరిస్తది.
పుట్టింది బాగ్దాదుల. తొమ్మిదేండ్లప్పుడు విమానంల వొచ్చిందట,
ఒక పెట్టె, ఒక రాగి చెంబు.

వాది సలీబ్‌ల ఇప్పటికీ కొన్ని ఇండ్లు నిలబడున్నయి.
కిటికీలకు అద్దాలు గాదు, రాళ్లు పెట్టి మూసిండ్రు.
వీళ్లకు అక్కడనే ఇచ్చిండ్రట మొదలు ఒక అర్ర.
గోడ గూట్ల ఎవరిదో దువ్వెన,
పండ్ల నడుమ ఒక పొడుగు వెంట్రుక.
వాళ్లమ్మ దాన్ని పారేయలే. వాడలే.
"మన దువ్వెన గూడ ఆడ గట్లనే ఉంటది" అన్నదట
ఒక్కసారి. మల్ల ఎన్నడు అనలే.

హదార్ నుంచి వాది నిస్నాస్‌కు మెట్లు.
లెక్కవెడితే ఒకసారి డెబ్బై, ఒకసారి అరవై ఆరు.
ఏ మెట్టుకాడ ఒకరి బస్తీ ఒడిసి
ఇంకొకరిది మొదలైతదో దొరకలే.
పండుగ ఏడు దినాలు పులిసిన రొట్టె తినొద్దు వాళ్లు.
మూడో దినానికే నయీమా నా చేతుల పైసలు వెట్టి
"కిందికి పోయి తే,
సంచి అడుగున రొట్టె, పైన కొత్తిమీర" అంటుండె.
అరబ్బు దుకాణపాయన ఏమడగకుండనే
కొత్తిమీర గూడ ఇస్తుండె.

సడక్ బోర్డుల మీద మూడు లిపులు.
ఒక్కోపారి నడిమిదానికి నల్లరంగు పూసి ఉంటది.
ఎవరు పూసిండ్రని అడగొద్దని
రెండో నెలల నేర్చుకున్న.

ఇప్పుడు మెట్టుగడ్డకాడ షేరాటో ఎక్కుత.
ఏడికంటే రామయ్యబౌలి అంట.
"రామయ్య మనోడు, బౌలి వాళ్లది" అన్నడు ఒక పిలగాడు
పోయిన వారం, నవ్వుకుంట.
పక్కన కూసున్న నయీమున్నిసా బురఖా సదురుకోని
"రామయ్యను చూసినోళ్లు లేరు.
బౌలి పూడి ఎన్నేండ్లాయె.
ఏది పంచుకుంటవ్ రా, బొందనా?" అన్నది.
ఆటోవాయన గూడ నవ్విండు.
నేను నవ్వలే. నాకు ఆ బోర్డు యాదికొచ్చింది,
నల్లరంగు ఇంకా తడిగ, కింద ఆగని చుక్కలు.

నయీమా పోయిన ఎండకాలం చచ్చిపోయింది.
వాళ్ల బిడ్డ ఫోన్‌ల చెప్పింది,
ఆఖరు రాత్రి అంత అరబ్బీలనే మాట్లాడిందట.
ఏం మాట్లాడిందో బిడ్డకు రాదు.
నాకు రాదు.

నిన్న గడియారం చౌరస్తల
ఎవరో ఎనుక నుంచి అక్కా అన్నరు.
జొన్న రొట్టెల కాడ ఏడు రూపాలు చిల్లర మర్చిపోయిన్నట.
నేను ముందుగాల ఉప్పుగాలి కోసం చూసిన.
తర్వాత చెయ్యి సాపిన.