ఇంచు

ముప్ఫై ఒక్క ఏళ్లు మునిసిపల్ బడిలో డ్రాయింగ్ మాస్టర్ని.
బోర్డు మీద జామకాయ వేసి
నీడ ఎటు పడాలో చెప్పడం నా ఉద్యోగం.
సోషల్ మాస్టారికి పచ్చకామెర్లు వచ్చిన ఏడు
ఎనిమిదో తరగతిని మొగల్రాజపురం గుహలకు
నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది.

నడిచేంత దూరమే.
దారిలో కార్ల షోరూము, కంటి ఆసుపత్రి.
చెరుకురసం బండి దగ్గర ఇద్దరు తప్పిపోయి
మూతులు తుడుచుకుంటూ దొరికారు.

లోపల గబ్బిలాల వాసన.
పుస్తకం తెరిచి చదివాను:
ఐదో శతాబ్దం. ఫలానా వంశం. ఫలానా రాజు చెక్కించెను.
పిల్లలు రాసుకున్నారు.
ఒకడు 'చెక్కిచెను' అని రాస్తే
చెవి మెలేసి సున్నా పెట్టించాను.

పల్లపు నాంచారి మాత్రం రాయలేదు.
పని సగంలో ఆగిపోయిన మూల నిలబడి
రాతి గాటులో వేలు పెట్టి
పైనుంచి కిందికి, నాడి చూస్తున్నట్టు.

"సార్, ఈడు ఎడంచేతి వాటపోడు."
ఎవడే?
"కొట్టినోడు సార్. గాట్లన్నీ ఇటు వాలినయ్,
ఆ గోడయ్యి అటు.
ఇక్కడ ఉలి మొద్దుబారింది. ఇదుగో, ఇక్కడ
సానబెట్టుకొచ్చాడు.
మా తాతది కూడా ఎడంచెయ్యే."

అంతవరకూ ఆ గుహలో
దేవుళ్లున్నారని తెలుసు, రాజున్నాడని తెలుసు.
ఉలి సాగక విసుక్కుని
బయటికెళ్లి మంచినీళ్లు తాగొచ్చిన మనిషి ఉన్నాడని
ఎవరూ చెప్పలేదు.

వానలకు వారం రోజులు బడికి రాకపోతే
క్రీస్తురాజపురం కొండెక్కి వాళ్లింటికి వెళ్లాను.
నూట పద్దెనిమిది మెట్లు.
మొదటి అరవై మునిసిపాలిటీవి,
మిగతావి తాత గురవయ్యవి.
బండ తొలిచి వంటగది, బండలోనే గూడు,
గూట్లో దీపం పక్కన సెల్లు చార్జరు.
పైనుంచి జారిన రాయి
నీళ్ల డ్రమ్మును అప్పడం చేసిపోయింది.
గోడ మీద ఎర్ర రంగుతో ఏదో నంబరు.
సందు మొదట్లో బోర్డు:
ఆక్రమణదారులు శిక్షార్హులు.
గుహ దగ్గర నీలం బోర్డు గుర్తొచ్చింది:
గోడలపై గీతలు గీసినవారు శిక్షార్హులు.
రెండూ ఒకే పెయింటరు రాసుంటాడు.
'ర్హు' దగ్గర రెండుచోట్లా ఒకేలా తడబడ్డాడు.

ఆ రాత్రి నిద్రపట్టక
వ్యాకరణం తలకెక్కింది.
చెక్కు. చెక్కించు.
తవ్వు. తవ్వించు.
చెరువులు తవ్వించెను, గుళ్లు కట్టించెను.
చిన్న ఇంచు,
క్రియ చివర అంటించుకుంటే చాలు,
చేతికి మట్టంటదు.
నల్లరాతి మీద గురవయ్య ఉలి
పొద్దస్తమానం కొడితే కదిలేదీ
ఇంచే.

నవ్వుకోబోయాను. అంతలో
బీరువాలో మా గృహప్రవేశం కార్డు గుర్తొచ్చింది.
'పటమటలో మేము నూతనంగా కట్టుకున్న గృహమునకు...'
ఒక్క ఇటుక మోయలేదు నేను.
ఎండలో కూలీలు నీళ్లడిగితే
ఇనప గ్లాసు వేరే పెట్టమని ఇంట్లో చెప్పింది నేనే.
మేస్త్రీ పేరు సాంబయ్యో, సాంబశివుడో.
రాజే నయం,
ఆ ఇంచైనా మిగిల్చాడు.
నేను దాన్నీ ఎగ్గొట్టి
ఏకంగా కట్టుకున్నాను.

అర్ధసంవత్సర పరీక్షలో అడిగారు:
మొగల్రాజపురం గుహలను చెక్కించినదెవరు?
నాంచారి రాసింది:
'చెక్కించింది పుస్తకంలో ఉంది.
చెక్కింది ఎడంచేతి వాటం మనిషి. పేరు తెలీదు.'
కామెర్లు తగ్గి వచ్చిన సోషల్ మాస్టారు
నవ్వుతూ అందరికీ చదివి వినిపించి
అర మార్కు వేశాడు.
స్టాఫ్ రూములో నేనూ ఉన్నాను.
టీ తాగుతూ ఉన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి
గేటు దగ్గరే చెప్పులు విడిచి
మెట్ల మీద వంగి
వేలితో తడిమాను, ఒక్కో మెట్టూ.
మా ఆవిడ ఏం పారేసుకున్నారని అడిగింది.
నల్ల గ్రానైటు. అద్దంలా పాలిషు.
నా మొహమే కనిపించింది గానీ
ఒక్క గాటూ దొరకలేదు.