దుమ్ము

ఈ ఎముకని ఎవరో కత్తితో కోశారంది చెబెట్,
భూతద్దం మీంచి తలెత్తకుండానే.
ఎల్డొరెట్ నుంచి వచ్చి పదకొండు రోజులైంది,
తుర్కానా ఎండకి పెదవులు పగిలాయి.
పదిహేను లక్షల ఏళ్ళనాటి పిక్కెముక,
దాని మీద ఐదు సన్నటి గీతలు.
మనిషిని మనిషే తిన్నాడేమోనని
ఆ రాత్రి గుడారంలో అందరూ గొంతులు తగ్గించారు,
శవం పక్కనే ఉన్నట్టు.

పొద్దున్నే నేను మా నాన్నని పిలుచుకొచ్చాను.

లొకొరియోకి అక్షరం రాదు. మేకలొచ్చు.
ఎముకని వేళ్ళ మధ్య తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
రాయైపోయినదానికి వాసనేముంటుందని నేను నవ్వాను.
రాత్రి కూరలో మిగిలిన బొమికనొకటి అడిగి
ఎండిన వాగులో, గరుకు ఇసుకలో సగం పాతాడు.
నలభై మేకల్ని దాని మీంచి అటు తోలాడు. మళ్ళీ ఇటు తోలాడు.
తీసి, ఉమ్మితో తుడిచి, చెబెట్ అరచేతిలో పెట్టాడు.
అవే గీతలు.
'అప్పట్లో మేకలెక్కడివి?' అందామె, కాస్త కోపంగానే.
'గిట్టలుండేవిగా' అన్నాడు.

ఐదో గీతని మాత్రం చాలాసేపు వెలుతురుకి పట్టుకున్నాడు.
'ఇది నాకు తెలీదు.'

నాకు ఎముకలు చదవడం నేర్పింది ఆయనే.
దుమ్ములగొండి ముందు కీళ్ళు తింటుంది, మెత్తనా కొవ్వూ అక్కడే కనక.
నడుమ గొట్టం మిగిలిందంటే జాలిపడి కాదు,
దాని కడుపు నిండింది.
ముళ్ళపందికి ఆకలితో పనిలేదు.
పళ్ళు పెరిగిపోతాయి, అదీ దాని బాధ.
ఎండెముకని గుహకి ఈడ్చుకుపోయి తీరిగ్గా గీకుతుంది,
వడ్రంగి బాడిస పట్టినట్టు వెడల్పాటి గాట్లు.
గడ్డివేరుకి నోరే లేదు,
పులుపు చెమర్చుకుంటూ ఎముక మీద పాకి
ఎవరూ చదవని రాత రాసిపోతుంది.
ఇక ఎండ. అది మొదట జిడ్డు తాగుతుంది,
తరవాత నిలువునా చీలుస్తుంది,
ఆ తరవాత ఉల్లిపొట్టులా ఒలుస్తూ కూర్చుంటుంది, దానికేం తొందర?
వాగు పొంగిన రోజు వెన్నుపూసలు ముందు కొట్టుకుపోతాయి.
దవడ మొండిది, కదలదు.
బతికినన్నాళ్ళూ వాగిందే ఆఖరికి మిగులుతుందని
నాన్న పళ్ళు కనబడేలా నవ్వేవాడు.

పెట్టెకి చీటీ రాసేది నేనే.
నాలుగు గీతల ఎదురుగా 'గిట్టలు' అని రాశాను.
ఐదో గడి ఖాళీగా వదిలేశాను.
చెబెట్ చూసింది, ఏమీ అనలేదు,
కాసేపటికి తన పుస్తకంలో ఒక పేజీ మొత్తం కొట్టేసింది.

ఆమెకి చెప్పనిది ఒకటుంది.

కరువు ఏడాది మా నానమ్మ నవోయి పోయింది.
గొయ్యి తవ్వే సత్తువ ఎవరికీ లేదు.
గుట్ట అవతల పడుకోబెట్టి వచ్చారు,
మెడలో పూసలన్నీ తీసేసి, నీలం పేట ఒక్కటీ ఉంచి.
మూడు రాత్రులు అటునుంచి నవ్వులాంటి అరుపులు.
నాకు ఆరేళ్ళు. చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను,
మధ్యమధ్య తీసి విన్నాను కూడా.

నెల తరవాత మేకల వెంట అటు వెళ్తే
నల్లరాళ్ళ మధ్య తెల్లటి ఉండలు దొరికాయి,
ఎండి, తేలికై, అచ్చం సుద్దముక్కల్లా.
దుమ్ములగొండి తిన్న ఎముక అలా బయటికొస్తుందని
అప్పుడు నాకు తెలీదు.
ఒకటి తీసుకుని పెద్ద నల్లబండ మీద
మేకని గీశాను. కడవని గీశాను.
ఒక మనిషిని గీసి, మెడ చుట్టూ
చెయ్యి నొప్పి పుట్టేదాకా వరసలు వరసలు పూసలు గీశాను.

నాన్న వచ్చి చూశాడు.
నా వేళ్ళకంటిన తెల్లని దుమ్ముని
తన తలగుడ్డ విప్పి తుడిచాడు,
ఆ గుడ్డ మళ్ళీ ఉతకలేదు.

వానలు పడేదాకా
ఆ బండ మీదికి ఒక్క మేకనీ ఎక్కనివ్వలేదు.