కుదువ

మిరప చెట్లు పీకేసినంక
నేల నోరు తెరిచి పడుకున్న వైశాఖం.
తొలకరికి ఇంకా ఇరవై దినాలు.
అప్పుడొస్తడు జాడి బానయ్య,
భుజాన పొడుగు కట్టె, కట్టె కొసకు ఇనుప చాట,
చెవులకు నల్లటి డొప్పలు.

పన్నెండేండ్లు ఇదే పని సర్కారుకు చేసిండు,
ఆలపల్లి తొవ్వల మీద, లారీల ముందు నడుసుకుంట.
అప్పుడు కుయ్యంటే ఎర్రజెండా గుచ్చి
పది అడుగులు వెనక్కి పోవాలె.
తవ్వేటోళ్లు వేరే.
ఇప్పుడు పింఛను మనిషి.
నాగపూరు పాత సామాన్ల బజారుల సొంతానికొకటి కొనుక్కున్నడు,
ప్రాణహిత ఒడ్డు చేన్లల్ల
ఎన్కటి పైసలు దొరుకుతయని ఎవరో చెప్తే.

లంకెబిందెలైతే కోడిని కొయ్యాలె,
నల్లదే ఉండాలె, అన్నరు ఊరోళ్లు.
బానయ్య బీడీ ముట్టించి
నా చేను ఈ కొస నుంచి మొదలువెట్టిండు.

"వదినె, జర దూరం నిలవడు,
నీ మెట్టెలకే మొత్తుకుంటున్నదిది."
తీసి కొంగున ముడేసుకున్న.
అత్త చూస్తే ఆ పూట నాకు బువ్వుండదు.

మొదటి దినం కర్రు ముక్క, సైకిల్ చైను, సగం లాడం.
మా మామ చిన్నప్పటి ఎద్దు గంట, నాలుక లేనిది.
ఒక తూటా డొల్ల కూడ.
దాన్ని తుడిసి జేబుల ఏసుకున్నడు,
ఆ దినం ఇంక మాట్లాడలే.

రెండో దినం, ఎండ నెత్తికెక్కక ముందు,
రేగడి పోయి ఇసుక మొదలయ్యే కాడ
కుయ్యన్నది. సన్నగ. మళ్లొకసారి.
లేపిన కాలు లేపినట్టే ఉన్నది ఆయనది.
చెమట డొప్ప కింది నుంచి గదువ దాక జారింది.
"ఇనుము కాదు," అన్నడు. "ఎండి అయితది."
అని పది అడుగులు వెనక్కి నడిచిండు.

నడిచి, నిలవడి, నా దిక్కు చూసిండు.
అప్పుడెరుక అయ్యింది నాకు
ఈ మనిషి ఎన్నడూ ఏదీ తవ్వలేదని.

కొడవలి కొసతోటి నేనే తవ్విన.
డొప్పల మీంచి రెండు చేతులు గట్టిగ ఒత్తుకున్నడు.
"జంగూ, ఆగు," అన్నడు ఒక్కసారి.
నా పేరు జంగు కాదు.

పెల్ల పగిలితే
కోటు గుండీ అంత బిళ్ల.
ఉమ్మి పెట్టి రుద్దితే మొగం తేలింది,
నెత్తికి ఆకుల దండ, గద్దముక్కు,
చెంప మీద అడ్డంగ ఉలి గాటు.

అంత సముద్రం దాటొచ్చిన రాజును
ఇక్కడెవడో నమ్మలే.
పత్తే అమ్మిండో, మిరియాలే అమ్మిండో,
లోపల ఎండా రాగా అని
మొగం కోసి చూసుకున్నడు.
సిరోంచ సేటు తూకం రాళ్లను
ఒక్కసారన్న అట్ల కొట్టి చూడాలని
ఎన్ని పంటల నుంచి అనుకుంటున్ననో.

తహసీల్ల అప్పజెప్పినం.
మరాఠీల పంచనామా రాసిండ్రు: జునే నాణే, నగ్ ఏక్.
కింద నా పేరు తెలుగుల రాస్తే
గుమాస్తా కాయిదం తిప్పి తిప్పి చూసిండు.
నాగపూరు నుంచి మనిషొచ్చి రోముదని చెప్పే దాక
మాకది గద్దముక్కాయనే.

ఇంటికొచ్చి కొంగు ముడి చూస్తే
ఒక్కటే మెట్టె.

మూడు దినాలు ఎతికిండు బానయ్య.
నాణేనికి కూడ అంత వొంగలే.
కుయ్యన్న ప్రతి కాడా
ఈసారి వెనక్కి నడవలే,
మోకాళ్ల మీద కూసుండి
తన వేళ్లతోటి తానే తవ్విండు.
గోర్లల్ల మట్టి చూసుకొని నవ్విండు కూడ.
మేకులు దొరికినయి.
నాలుగో దినం మొగులు ముందే పగిలింది.

అత్త నా కాలి దిక్కు చూసింది.
నేల కాడ కుదువ పెట్టిన, అన్న.
రసీదేదే, అన్నది.

పత్తి గింజలు ఒళ్లె పోసుకొని
వానల దిగిన.